చెక్క మెట్లకు ఫ్రేమ్ కట్టడం: టేపు పట్టుకున్నప్పటి నుంచి చివరి స్క్రూ దాకా

నేను మొదటిసారి కట్టిన చెక్క మెట్లు చూడ్డానికి బానే ఉండేవి. కోతలు శుభ్రంగా వచ్చాయి, ఊగలేదు, కిర్రుమనలేదు. కానీ ఎక్కేవాళ్ళంతా మొదటి మెట్టు దగ్గర కాలు తన్నుకునేవాళ్ళు, పైకి చేరాక చివర్లో లేని మెట్టు ఉందనుకుని కాలు దబ్బున వేసేవాళ్ళు. నాలుగు రోజులు అలా చూశాక టేపు తీసుకుని ఒక్కో మెట్టూ కొలిస్తే అసలు విషయం బయటపడింది. మధ్యలో అన్నీ 182 మి.మీ., మొదటిది 212, చివరిది 152. మెట్టు పలక మందం 30 మి.మీ. లెక్కలో వేసుకోవడం మర్చిపోయాను, అంతే. దాన్ని సరిచేయడానికి మొత్తం ఊడదీయాల్సి వచ్చింది.

కాబట్టి ఈ మార్గదర్శిలో రంపం పట్టుకునే ముందు జరగాల్సిన పని గురించే ఎక్కువ చెప్తాను. కోయడం అరపూట పని. లెక్క తప్పితే మాత్రం ఖరీదైన మూడు పొడవాటి చెక్కలు ఒకేసారి పాడవుతాయి.

పేర్లు ముందు ఖరారు చేసుకుందాం

మనం కాలు పెట్టే పలక ట్రెడ్. రెండు ట్రెడ్‌ల మధ్య నిలువు ఎత్తు రైజర్, ఆ ఖాళీని మూసే పలకనీ రైజర్ అనే అంటారు. వీటన్నిటినీ మోస్తూ కింది నుంచి పైకి ఏటవాలుగా వెళ్ళే దూలం స్ట్రింగర్. ఫ్రేమ్ అంటే ప్రధానంగా ఈ స్ట్రింగర్లే. పైన అవి ఆనుకునే అడ్డ దూలం హెడర్. ట్రెడ్ ముందు అంచు కింది రైజర్ కన్నా కాస్త బయటికి వస్తుంది కదా, అది నోజింగ్, మామూలుగా 25 మి.మీ. దాకా ఉంటుంది.

స్ట్రింగర్ రెండు రకాలు. పై అంచుని రంపపు పళ్ళలా కోసి, ఆ మెట్ల మీద పలకలు పరిచేది ఒకటి. అంచు కోయకుండా లోపలి ముఖంలో గాడి తీసి పలకల్ని అందులోకి దూర్చేది రెండోది. మొదటిసారి చేసేవాళ్ళకి కోసిన రకమే తేలిక, అందుకే దాని గురించే వివరంగా రాస్తున్నాను. రెండోదాని గురించి చివర్లో నాలుగు మాటలు చెప్తాను.

మొత్తం ఎత్తు కొలవడం, ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు

కావాల్సింది కింది అంతస్తు పూర్తయిన నేల నుంచి పై అంతస్తు పూర్తయిన నేల దాకా ఉన్న ఎత్తు. "పూర్తయిన" అన్న మాట రెండుసార్లు చదవండి. ఇంకా టైల్స్ వేయని నేల మీద నుంచుని కొలిస్తే వచ్చేది పనికొచ్చే కొలత కాదు, దాంట్లో కూడికలు తీసివేతలు ఉంటాయి. ఉదాహరణకి ముడి నేల నుంచి ముడి నేలకి 2738 మి.మీ. వచ్చింది అనుకుందాం. పైన 12 మి.మీ. చెక్క ఫ్లోరింగ్ రాబోతోంది, అది కలపాలి. కింద సిమెంటు మాలుతో కలిపి 20 మి.మీ. టైల్ వస్తుంది, అది తీసేయాలి. 2738 + 12 − 20, అంటే 2730 మి.మీ. ఇదీ మన మొత్తం ఎత్తు. ఇక్కడి నుంచి ఈ అంకెతోనే వెళ్దాం.

ఇంకో సంగతి. హెడర్ అంచు నుంచి గుండు వేలాడదీసి, సరిగ్గా దాని కిందే నేలని కొలిచి వదిలేస్తుంటారు. మెట్లు నేలని తాకేది అక్కడ కాదు, దానికి మూడున్నర మీటర్ల అవతల. నేల అంత దూరంలో 10, 15 మి.మీ. వాలి ఉండటం మామూలే. అందుకే మొదటి మెట్టు ఎక్కడ పడుతుందో అక్కడికి పై మట్టాన్ని తీసుకొచ్చి కొలవాలి. లేజర్ ఉంటే హాయి. లేకపోతే నీళ్ళు నింపిన సన్నటి పారదర్శక గొట్టం చాలు, రెండు చివర్లా నీటి మట్టం ఒకటే ఉంటుంది, లోపల గాలి బుడగ లేకుండా చూసుకుంటే అంతకన్నా నమ్మకమైన పనిముట్టు లేదు. మొదటి మెట్టు ఎక్కడ పడుతుందో ఇంకా తెలియదు కదా అంటారా? ఉజ్జాయింపుగా ఒక లెక్క వేసుకుని, తర్వాత కచ్చితమైన చోట మళ్ళీ కొలవండి. రెండుసార్లు కొలవడం బద్ధకమనిపిస్తే ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

లెక్క

రైజర్ 170 నుంచి 190 మి.మీ. మధ్య ఉంటే ఇంట్లో ఎక్కడానికి సుఖంగా ఉంటుంది. నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. బ్రిటన్‌లో ఇంటి లోపలి మెట్లకి 220 మి.మీ. దాకా ఒప్పుకుంటారు, అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆధారంగా తీసుకునే ఇళ్ళ కోడ్‌లో గరిష్ఠం 196 మి.మీ. మీ చోట ఏం వర్తిస్తుందో కనుక్కుని మొదలుపెట్టండి.

2730ని 180తో భాగిస్తే 15.17. మెట్లు ముక్కలుగా ఉండవు కాబట్టి 15 తీసుకుందాం, 2730 ÷ 15 = 182 మి.మీ. సరిగ్గా వచ్చింది. (మీకు ఇలా పూర్తి అంకె రాకపోవచ్చు, 181.4 వచ్చినా కంగారు పడొద్దు, దాన్ని 181కి కుదించడం మాత్రం చేయొద్దు, పదిహేను మెట్లకి ఆ 0.4 కలిసి 6 మి.మీ. అవుతుంది.)

ట్రెడ్ ఎంత ఉండాలో చెప్పడానికి ఒక పాత సూత్రం ఉంది, 17వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ ఫ్రాన్స్వా బ్లొందెల్ చెప్పింది. రెండు రైజర్లూ ఒక ట్రెడ్డూ కలిపితే మనిషి మామూలు అడుగుకి సమానం కావాలి. ఇప్పుడు మనం దాన్ని 600 నుంచి 640 మి.మీ. అని వాడుకుంటున్నాం. 182 రెండింతలు 364, దానికి 255 కలిపితే 619. బాగుంది. ఏటవాలు సుమారు 35.5 డిగ్రీలు, ఇది కూడా సుఖమైన కోణమే.

14 రైజర్లు పెడితే ఒక్కోటి 195, కొంచెం ఎత్తు. 16 పెడితే 170.6, కానీ అప్పుడు 255 ట్రెడ్‌తో మొత్తం 596కి పడిపోయి అడుగులు పొట్టిగా అనిపిస్తాయి, ట్రెడ్‌ని 280కి పెంచాలి, దాంతో మెట్లు నేల మీద 4200 మి.మీ. జాగా తినేస్తాయి. ముసలివాళ్ళు, పిల్లలు ఉన్న ఇంట్లో జాగా ఉంటే నేనైతే 16కే ఓటేస్తాను. ఈ ఉదాహరణకి 15 ఉంచుదాం.

15 రైజర్లకి ట్రెడ్‌లు 14 మాత్రమే, ఎందుకంటే పదిహేనో అడుగు పై అంతస్తు నేల మీదే పడుతుంది. 14 × 255 = 3570 మి.మీ. హెడర్ ముఖం నుంచి మొదటి రైజర్ దాకా నేల మీద అంత దూరం. ఇప్పుడు ఆ చోటికి వెళ్ళి ఎత్తు మళ్ళీ కొలవండి, పైన చెప్పిన రెండో కొలత ఇదే.

తల సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. నోజింగ్‌ల మీదుగా ఏటవాలు గీత ఊహించుకుని, దాని మీద ఎక్కడ నిలువుగా కొలిచినా కనీసం 2 మీటర్ల ఖాళీ ఉండాలి. పై అంతస్తు మందం 250 మి.మీ. అనుకుంటే, పై నేల నుంచి 2250 మి.మీ. కిందికి దిగేదాకా తల మీద కప్పు ఉండకూడదు. 182 దిగడానికి 255 ముందుకెళ్తాం కాబట్టి 2250 దిగడానికి 3152. అంటే పైన మెట్ల కన్నం పొడవు 3.2 మీటర్లైనా కావాలి. కన్నం ముందే ఉండి, అది పొట్టిదైతే, ఫ్రేమ్ మొదలుపెట్టే ముందే ఆ గొడవ తేల్చుకోవాలి.

చెక్క ఎంచుకోవడం

మందం 38 నుంచి 50 మి.మీ., వెడల్పు 286 మి.మీ. దగ్గర ఉండాలి, అంటే చెక్కల డిపోలో రెండు బై పన్నెండు అనేది. ఎందుకు అంత వెడల్పు? మెట్లు కోశాక కోత లోపలి మూల నుంచి కింది అంచు దాకా మిగిలే చెక్కే బరువంతా మోస్తుంది. మన లెక్కలో కోత లోతు 182 × 255 ÷ 313.3, అంటే 148 మి.మీ. 286లో అది పోతే 138 మిగులుతుంది. 125కి తగ్గకూడదని పెట్టుకోండి. 235 మి.మీ. వెడల్పు పలక తీసుకుంటే మిగిలేది 87, అది ఊగుతుంది, ఏదో ఒక రోజు చీలుతుంది కూడా.

ఆ 313.3 ఎక్కడిదంటే, 182, 255 భుజాలుగా ఉన్న లంబకోణ త్రిభుజం కర్ణం. ఒక్కో మెట్టుకి స్ట్రింగర్ అంచు మీద పట్టే పొడవు. దీన్ని రాసి పెట్టుకోండి, ఇంకా పని ఉంది. 14 మెట్లకి 4386 మి.మీ., చివర్ల కోసం అదనం కావాలి కాబట్టి 4.8 మీటర్ల పలకలు తెచ్చుకోండి.

బాగా ఆరిన చెక్క కావాలి. పచ్చి చెక్కతో కడితే ఆరేటప్పుడు వంకర తిరుగుతుంది, స్క్రూలు వదులవుతాయి, కిర్రుకిర్రు మొదలవుతుంది. పలకని ఒక కన్నుతో అంచు వెంబడి చూడండి, కొంచెం విల్లులా వంగి ఉంటే ఉబ్బిన వైపు పైకి వచ్చేలా పెట్టి ఆ అంచునే కోయాలి. మెలి తిరిగిన పలకని మాత్రం పక్కన పెట్టేయండి, దాన్ని ఏ క్లాంపూ సరిచేయలేదు. పెద్ద ముడులు కింది అంచు దగ్గర ఉంటే ఆ పలక స్ట్రింగర్‌గా పనికిరాదు. కోసి పారేసే త్రిభుజాల్లో ముడి పడితే అదృష్టమే.

ఎన్ని స్ట్రింగర్లు? మెట్ల వెడల్పు 900 మి.మీ. అయితే మూడు, పక్కల రెండు, మధ్యలో ఒకటి. రెండే పెట్టి 30 మి.మీ. పలక పరిస్తే మధ్యలో అడుగు పడినప్పుడల్లా కుంగుతుంది.

గీత గీయడం

పెద్ద ఇనప మూలమట్టం ఉంటే ఒక చేతి మీద 182, ఇంకో చేతి మీద 255 దగ్గర చిన్న క్లాంపులు బిగించి అంచు వెంబడి జరుపుకుంటూ గీస్తారు. నా పద్ధతి వేరు. ప్లైవుడ్ ముక్కలో 182, 255 భుజాలతో త్రిభుజం కోసి, కర్ణం వెంబడి ఒక సన్న చెక్కపట్టీ బిగిస్తాను. ఆ పట్టీ పలక అంచుకి ఆని కూర్చుంటుంది, త్రిభుజం పలక మీద పరుచుకుంటుంది, పెన్సిల్ తిప్పితే చాలు. క్లాంపు జారుతుందేమో అన్న టెన్షన్ ఉండదు.

అయితే ఒక ప్రమాదం ఉంది. త్రిభుజాన్ని ఒకదాని పక్కన ఒకటి జరుపుకుంటూ పోతే ప్రతిసారీ పెన్సిల్ గీత మందం అంత, అర మి.మీ. అంత తప్పు చేరుతుంది, పద్నాలుగో మెట్టుకి అది 7 మి.మీ. అయి కూర్చుంటుంది. అందుకే త్రిభుజం ముట్టుకునే ముందు, పలక చివర నుంచి 100 మి.మీ. వదిలి సున్నా గుర్తు పెట్టి, టేపుని అక్కడే కదలకుండా ఉంచి అన్ని గుర్తులూ ఒకేసారి వేసేయండి. 313.3, 626.6, 939.9, 1253.2, 1566.4, అలా 4386 దాకా. ఒక్కో గుర్తూ సున్నా నుంచే కొలిచింది కాబట్టి తప్పు పేరుకోదు. తర్వాత త్రిభుజం కొనని ఒక్కో గుర్తుకీ ఆనించి గీసుకుంటూ వెళ్ళండి.

సున్నా గుర్తు దగ్గర గీసిన 255 గీత నేల గీత అవుతుంది, దాన్ని వెనక్కి కింది అంచు దాకా పొడిగించండి. 4386 గుర్తు దగ్గర 255 గీత ఒక్కటే గీసి, దాని చివర నుంచి రైజర్ గీతలకి సమాంతరంగా కింది అంచు దాకా గీత దించండి, అది హెడర్‌కి ఆనే నిలువు కోత. కోయాల్సిన ముక్కల్లో పెన్సిల్‌తో అడ్డంగా గీతలు కొట్టుకోండి. నవ్వకండి, రంపం తిరుగుతున్నప్పుడు ఏ వైపు ఉంచాలో మర్చిపోయిన రోజులు నాకున్నాయి.

30 మి.మీ. గొడవ

ఇప్పుడు నన్ను ముంచిన సంగతికి వద్దాం. స్ట్రింగర్ మీద అన్ని రైజర్లూ 182 కోసి నిలబెట్టి, 30 మి.మీ. పలకలు పరిస్తే ఏమవుతుంది? ప్రతి మెట్టూ 30 పైకి లేస్తుంది. మధ్య మెట్ల మధ్య తేడా మారదు. కానీ నేల పైకి లేవదు కాబట్టి మొదటి అడుగు 212. పై అంతస్తు కూడా లేవదు కాబట్టి చివరి అడుగు 152. మధ్యలో ఎంత చక్కగా కోసినా చివర్లు రెండూ చెడ్డాయి.

మందు ఒక్కటే, స్ట్రింగర్ అడుగు నుంచి పలక మందం అంత తీసేయడం. నేల గీతకి సమాంతరంగా 30 మి.మీ. పైన ఇంకో గీత గీసి అక్కడ కోయాలి. అప్పుడు మొదటి రైజర్ కోత 152 ఉంటుంది, పలక కూర్చున్నాక 182. స్ట్రింగర్ మొత్తం 30 దిగింది కాబట్టి పైన ఆఖరి ట్రెడ్ కూర్చునే చోటు పూర్తయిన నేలకి 182 + 30 = 212 మి.మీ. కింద ఉండాలి, పలక పడ్డాక అక్కడా 182 మిగులుతుంది.

ఇది స్ట్రింగర్ పూర్తయిన నేల మీద నిలబడితే. ముడి నేల మీద నిలబెట్టి తర్వాత చుట్టూ 20 మి.మీ. టైల్ వేయించేట్లయితే తీసేయాల్సింది 30 కాదు, 10 మాత్రమే, మొదటి కోత 172 అవుతుంది. పని చేసే రోజు ఏ నేల ఉందో, చివరికి ఏ నేల వస్తుందో గోడ మీదే పెన్సిల్‌తో రాసి పెట్టుకుంటే మంచిది.

ఇంత పట్టింపు ఎందుకంటే, రెండు మూడు మెట్లు ఎక్కేసరికి కాలు ఆ ఎత్తుని పట్టేస్తుంది, తర్వాత ఎవరూ మెట్లు చూస్తూ ఎక్కరు. ఇందాక చెప్పిన అమెరికా కోడ్ ఒక వరుసలో అతి పొడవు, అతి పొట్టి రైజర్ల మధ్య తేడా 9.5 మి.మీ. దాటకూడదంటుంది. నేను 3 మి.మీ.లోపు ఉంచడానికి చూస్తాను.

కోత

సర్క్యులర్ సాతో కోయండి, కానీ లోపలి మూల దాకా పోనివ్వకండి. బ్లేడు గుండ్రం కదా, పైన గీత దగ్గర ఆపితే కింద మూల దాకా తెగదు, కింద సరిపోయేలా కోస్తే పైన మూల దాటుతుంది. ఆ దాటిన కోత సరిగ్గా బరువు మోసే 138 మి.మీ. చెక్కలోకి చొచ్చుకుపోతుంది, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. మూలకి కాస్త ఇవతలే ఆపి చివరి ముక్క చేతి రంపంతో తీయండి. విసుగే, ఒక్కో స్ట్రింగర్‌కి పదమూడు మూలలు, మూడింటికి ముప్ఫై తొమ్మిది. అయినా తప్పదు. కళ్ళద్దాలు, ముక్కుకి మాస్కు పెట్టుకోండి, చెక్క పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ముందు ఒక్కటే కోయండి. దాన్ని చోటులో పెట్టి, పైన హెడర్‌కి తాత్కాలికంగా క్లాంపు బిగించి, మెట్టు మీద స్పిరిట్ లెవల్ పెట్టి చూడండి. పై నేల నుంచి ఆఖరి కూర్చునే చోటుకి 212 ఉందా, కింద నేలకి ఖాళీ లేకుండా ఆనిందా, నిలువు కోత హెడర్‌కి అతుక్కుందా. అన్నీ కుదిరాకే దాన్ని అచ్చుగా పెట్టి మిగతా రెండూ గీయాలి. రెండూ మొదటిదాని మీద నుంచే గీయండి, రెండోదాని నుంచి మూడోది గీస్తే తప్పు పెరుగుతుంది. కోసిన త్రిభుజం ముక్కలు పారేయకండి, ట్రెడ్ కింద మూలల్లో జిగురు పెట్టి బిగించడానికి అంతకన్నా మంచి ముక్కలు దొరకవు.

పైన తగిలించడం

దీని దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆఖరి కూర్చునే చోటు పై నేలకి 212 మి.మీ. కింద ఉంది. మన అంతస్తు మందం, హెడర్‌తో సహా, 250. అంటే స్ట్రింగర్ నిలువు కోతకి హెడర్ ముఖం దొరికేది 38 మి.మీ. మాత్రమే! నిలువు కోత ఎత్తేమో 138ని ఏటవాలు ప్రకారం లెక్కేస్తే దాదాపు 170 మి.మీ. అందులో 130 దాకా గాల్లో వేలాడుతుంది. ఆ 38 మి.మీ.లో నాలుగు మేకులు ఏటవాలుగా కొట్టి పని అయిందనిపించిన మెట్లు నేను చూశాను. ఎక్కితే ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాల్సిందే.

సరైన పద్ధతి ఏంటంటే, హెడర్ ముఖానికి మెట్ల వెడల్పంతా 18 మి.మీ. ప్లైవుడ్ పలక బిగించాలి, పై నేల నుంచి 212 + 170 = 382 మి.మీ. కింది దాకా వచ్చేలా, ఇంకాస్త దిగినా నష్టం లేదు. హెడర్ కిందికి దిగిన భాగానికి వెనక ఆధారంగా నిలువు చెక్కలు పెట్టి, వాటిని హెడర్‌కి గట్టిగా బిగించాలి. స్ట్రింగర్లని ప్లైవుడ్ వెనక నుంచి స్క్రూలతో బిగించాలి కాబట్టి నేల మీద పడుకోబెట్టే మూడు స్ట్రింగర్లనీ ఈ పలకకి తగిలించి, తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి మొత్తం ఫ్రేమ్‌ని లేపి హెడర్‌కి బిగించడం తేలిక. ఒక్కో స్ట్రింగర్‌కీ ఇనప యాంగిల్ పట్టీ లేదా మెట్ల కోసం దొరికే హ్యాంగర్ కూడా వేయండి. ప్లైవుడ్ వల్ల మెట్లు 18 మి.మీ. ముందుకి జరుగుతాయి, 3570ని ఆ ప్లైవుడ్ ముఖం నుంచి కొలుచుకోండి.

ఇంకో దారి ఉంది. ఆఖరి ట్రెడ్‌ని పై నేలతో సమానంగా పెట్టి పదిహేను ట్రెడ్‌లు వేయడం. అప్పుడు స్ట్రింగర్ హెడర్‌కి దాదాపు పూర్తిగా ఆనుతుంది, ఈ ప్లైవుడ్ గొడవ ఉండదు, కానీ మెట్లు ఇంకో 255 మి.మీ. జాగా తీసుకుంటాయి, మొత్తం 3825. జాగా ఉంటే నాకు ఇదే నచ్చుతుంది.

హెడర్ బదులు కాంక్రీట్ దూలం ఉంటే ముందు ఒక మందపాటి చెక్కని యాంకర్ బోల్టులతో దానికి బిగించి, ఆ చెక్కకి మిగతాది తగిలించండి. నేరుగా కాంక్రీట్‌లోకి స్క్రూలు దించి స్ట్రింగర్ నిలబెట్టొద్దు.

కింద, మధ్యలో, పక్కన

కింద సమస్య బరువు ఒక్కటే కాదు, జారడం కూడా. ఏటవాలుగా నిలబెట్టిన నిచ్చెనలాగే మెట్లు కూడా కాళ్ళు ముందుకి తన్నుతాయి. అందుకని నేల మీద మెట్ల వెడల్పంతా ఒక 38 × 89 మి.మీ. చెక్కని బోల్టులతో బిగించి, స్ట్రింగర్ కింది ముందు మూలలో అంతే కొలత గాడి కోసి దాని మీద కూర్చోబెట్టాలి. గట్టు ఎదురుగా ఉన్నప్పుడు కాలు జారదు. కాంక్రీట్ నేలైతే చెక్క కింద మందపాటి ప్లాస్టిక్ షీటు పరవండి, నేల చెమ్మ నేరుగా చెక్కకి ఎక్కితే కింది చివర పుచ్చడం, చెదలు పట్టడం అక్కడే మొదలవుతాయి.

కోసిన స్ట్రింగర్‌కి మూడున్నర మీటర్ల దూరం ఆధారం లేకుండా దాటడం కష్టం. రెండు మీటర్లు దాటిందంటే మధ్యలో ఒక చిన్న అడ్డగోడ ఫ్రేమో, ఒక్కో స్ట్రింగర్ కింద నిలువు కాలో పెట్టండి. గోడ వైపు ఉన్నదాన్ని గోడకి బిగించండి, ఒక్కో చోట రెండేసి గట్టి స్క్రూలు, కోత లోపలి మూలకి దిగువన ఉన్న నిండు చెక్కలో. గోడకీ స్ట్రింగర్‌కీ మధ్య ముందే ఒక 38 మి.మీ. పట్టీ వేసి ఎడం ఇస్తే తర్వాత గోడకి పలకలు, అంచుపట్టీ దూర్చడానికి వీలుంటుంది. ఆ ఎడం వదలకపోతే ప్రతి మెట్టు ఆకారంలో గోడ పలకని కోసుకుంటూ కూర్చోవాలి, ఒక వారం పోతుంది.

బిగించాక మూల నుంచి మూలకి రెండు కర్ణాలు కొలవండి, సమానంగా ఉంటే ఫ్రేమ్ మూలలు లంబకోణంలో ఉన్నట్టు. మూడు స్ట్రింగర్ల మీదుగా వంకర లేని ఒక పట్టీ అడ్డంగా పెట్టి ప్రతి మెట్టు దగ్గరా చూడండి. ఒకటి ఎత్తుగా ఉంటే దాన్ని చిత్రిక పట్టి దించండి, తక్కువున్న దాని కింద సన్న ముక్కలు దూర్చడం ఆఖరి మార్గంగా ఉంచుకోండి, ఎందుకంటే ఆ ముక్కలే రేపు కిర్రుమంటాయి.

పలకలు పరవడం

ముందు రైజర్ పలక, తర్వాత ట్రెడ్, అలా కింది నుంచి పైకి. ట్రెడ్ పలక వెడల్పు 255 + 25 = 280 మి.మీ. 30 మి.మీ. పలకకి 5 × 70 స్క్రూలు సరిపోతాయి, ఒక్కో స్ట్రింగర్ మీద రెండు, ముందే సన్న కన్నం వేసి దించండి, లేకపోతే అంచు చీలుతుంది. గోడ పలకలకి వాడే నల్ల స్క్రూలు ఇక్కడ వద్దు, అవి పెళుసు, అడ్డంగా బరువు పడితే పుటుక్కున తెగుతాయి. కూర్చునే ప్రతిచోటా జిగురు రాయండి. మెట్లు శబ్దం చేసేది చెక్క చెక్కతోనో, చెక్క మేకుతోనో రాసుకున్నప్పుడు, జిగురు ఆ కదలికనే ఆపుతుంది. రైజర్ పలక కింది అంచుని వెనక నుంచి ట్రెడ్‌కి స్క్రూతో లాగితే ఇంకా మంచిది.

ఇంట్లో ఇంకా పని నడుస్తుంటే అసలు ట్రెడ్‌లు అప్పుడే వేయకండి. పాత ప్లైవుడ్ ముక్కలు తాత్కాలికంగా బిగించండి, సిమెంటు బూట్లతో అందరూ తిరిగేది వాటి మీద. తాత్కాలికమే అయినా మందం 30 దగ్గర ఉండేలా చూడండి, లేకపోతే పనివాళ్ళే ముందు తట్టుకుంటారు. చేతిపట్టీ నోజింగ్ గీత నుంచి 900 మి.మీ. ఎత్తులో, కడ్డీల మధ్య ఖాళీ 100 మి.మీ. దాటకుండా, చిన్నపిల్లల తల దూరకూడదని ఆ లెక్క. అది పెట్టేదాకా పక్కన ఒక తాడైనా కట్టండి.

గాడి తీసే రకం గురించి

ఇందులో పై అంచు కోయరు కాబట్టి చెక్క బలమంతా అలాగే ఉంటుంది, పలక వెడల్పు తక్కువైనా నడుస్తుంది. లోపలి ముఖంలో ఒక్కో ట్రెడ్‌కీ రైజర్‌కీ 12 మి.మీ. లోతు గాడి రౌటర్‌తో (చెక్కలో గాడులు తీసే కరెంటు పనిముట్టు) తీస్తారు, వెనక వైపుకి కొంచెం వెడల్పయ్యేలా. పలకని దూర్చాక వెనక ఖాళీలోకి జిగురు రాసిన వాలు ముక్క కొడితే అది పలకని ముందుకి తోసి బిగబడుతుంది. శబ్దం లేని మెట్లు కావాలంటే ఇదే. కానీ రెండు పక్కలా గాడులు ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా రావాలి. ఒకసారి రెండింటికీ ఎడమ వైపే గాడి తీసి, రెండో పలకని తిప్పి చూసుకుని కాసేపు మాట రాలేదు నాకు. టెంప్లేట్ మీద "ఎడమ", "కుడి" అని పెద్ద అక్షరాలతో రాసుకుని మొదలుపెట్టండి.